పద్దెనిమిదో బ్యాటరీ

ట్రంకుపెట్టెకు నేను అంటించే కాగితం మీద మూడే మాటలుండేవి: "రిలీజ్ దాకా తెరవరాదు." కింద నా సంతకం, తేదీ. సినిమాల్లో దుస్తుల బాధ్యత చూసిన ఇరవై రెండేళ్లూ అదే నా పద్ధతి. పాట అయిపోయింది కదా అని కుట్లు విప్పేస్తే, ఒక షాట్ చాలలేదని నెల తర్వాత మళ్లీ పిలిచినప్పుడు అదే లంగా, అదే మడత, అదే ఊడిన పూస ఎక్కడి నుంచి తేవాలి? అందుకే ఏ గుండీ ఎక్కడ ఉందో కూడా నోటు పుస్తకంలో రాసుకునేదాన్ని.

గుట్టల అవతల అద్దాల ఆఫీసులు వరసగా లేస్తున్న రోజులవి. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వస్తున్నాయి. మా దర్శకుడు ఒక పాటకు నక్షత్రాల లెహంగాలు కావాలన్నాడు. పైగుడ్డ కింద చిన్న చిన్న లైట్లు పెట్టి, నడుంపట్టీ లోపల సంచులు కుట్టి, వాటిలో సెల్‌ఫోన్ బ్యాటరీలు దూర్చాం. తేలిగ్గా ఉంటాయి, డాన్సుకు అడ్డం రావు. హీరోయిన్‌కు ఒకటి, వెనక ఆడే అమ్మాయిలకు ఎనిమిది, మొత్తం తొమ్మిది లెహంగాలు. ఒక్కోదానికి రెండు చొప్పున పద్దెనిమిది బ్యాటరీలు. నాలుగు రోజుల షూటింగ్ అయ్యాక అన్నీ ఉన్నవి ఉన్నట్టే మడత పెట్టించి, పెట్టెకు తాళం వేసి, కాగితం అంటించాను. బ్యాటరీలు తియ్యాలని నాకు తోచలేదు. తోచినా తీసేదాన్ని కాదేమో.

కంపెనీ గదిలో చోటు లేక బట్టలు సర్దిందీ, పెట్టె ఉంచిందీ ఫిలింనగర్ బస్తీలో మా ఇస్త్రీ ఆవిడ ఇంట్లోనే. ఒకటే గది, పైన రేకులు. పదకొండేళ్లుగా మా బట్టలు ఇస్త్రీ చేసిన మనిషి. ఒక్క మడత తప్పిందని నేను అనవలసి రాలేదు. చూపు తగ్గిన వాళ్లమ్మ ఆ పెట్టె మీద దుప్పటి మడిచి వేసుకుని, పగలంతా దాని మీదే కూర్చునేది.

ఏప్రిల్ నెల, గురువారం, పదకొండు దాటింది. ఆవిడ ఎండలో నడుచుకుంటూ శ్రీనగర్ కాలనీలో మా ఇంటికి వచ్చింది.

"అక్కా, మూడొద్దులాయె, నీ పెట్టెల కెల్లి వాసనొస్తుంది. గోళ్లరంగు తుడిచే మందు లేదా, గా వాసన. హీరోయినమ్మ సీసా గిట్ల ఒలికిందేమో. మా అవ్వకు ఒకటే దగ్గు. జర వచ్చి తెరుస్తవా?"

"మూడు రోజులా! తాళం పగలగొట్టి చూడలేకపోయావా?"

"నీ కాయితం అంటించి ఉన్నది గదా," అంది.

ఆ మాట విన్నాక ఆమెకు మంచినీళ్లివ్వడం కూడా మర్చిపోయాను. లోపల వదిలేసిన బ్యాటరీలు గుర్తొచ్చి, ఆ లైట్లు అమర్చిన లైట్‌మన్‌కు ఫోన్ చేశాను. వాసన సంగతి, పెట్టె మీద కూర్చునే పెద్దామె సంగతి చెప్పగానే, "ముందు పెద్దామెను బయటికి తీసుకొచ్చేయండి మేడమ్, నేనొచ్చేదాకా పెట్టె ముట్టుకోకండి," అన్నాడు.

ఇద్దరం ఆటోలో బస్తీకి వెళ్లాం కానీ, పెద్దామె పెట్టె మీంచి ఒక పట్టాన లేవలేదు. "హీరోయిన్ లంగల మీద కూసున్నదాన్ని, నన్నే లేపుతరా?" అంది. చివరికి పక్కింటి నీడలో కూర్చోబెట్టాం. లైట్‌మన్ వచ్చి, పెట్టెను ఇరుగుపొరుగు ఇళ్లకు దూరంగా ఖాళీ జాగాలోకి మోయించి, లావాటి చేతితొడుగులు వేసుకుని తెరిచాడు. మూడు బ్యాటరీలు పూరీల్లా ఉబ్బాయి. ఒకదాని చుట్టూ గుడ్డ నల్లబడింది.

"ఇనప పెట్టె, పైన రేకులు, ఈ ఎండలు. ఇంకెన్నాళ్లు ఆగుతాయి మేడమ్? నీళ్లు చల్లకండి. గుచ్చకండి. చెత్తబుట్టలో అసలు వెయ్యకండి, లారీలో నలిగితే అక్కడ అంటుకుంటాయి."

రిలీజ్ కాని సినిమా కుట్లు విప్పడం అదే మొదటిసారి. అతను చూపిన చోటల్లా కుట్లు కత్తిరించాను. అతను ఒక్కో బ్యాటరీనీ మెల్లగా తీసి, కరెంటు అందించే రాగిరేకుల మీద టేపు చుట్టి, ఇనప బకెట్‌లో పొడి ఇసుక పోసి, ఒకదానికొకటి తగలకుండా పాతిపెట్టాడు. నేను లెక్కపెట్టాను. పదిహేడు.

లెహంగాలన్నీ మళ్లీ తడిమాం. పదిహేడే.

"పుస్తకంలో పొరపాటు పడిందేమో మేడమ్," అన్నాడు.

నా పుస్తకంలో పొరపాటు పడదు. పడి ఉంటే బాగుండునని కోరుకున్నది ఆ ఒక్కరోజే. పద్దెనిమిదోది ఆ గదిలోనే ఎక్కడో ఉంది. ఆ ముసలి ప్రాణం పడుకునే గదిలో. బియ్యం డబ్బా, బొంతలు, మంచం కింద, అన్నీ వెతికాం.

"ఏం దేవులాడుతున్నరే?" అని పక్కింటి నీడలోంచి పెద్దామె కేకేసింది.

"నల్లగ, అగ్గిపెట్టె లెక్క ఉంటదవ్వా!" అంది కూతురు.

"గదా? పెట్టె సదిరిన్నాడు కింద పడ్డది. హీరోయిన్‌ది, పోతే మీకు మాటొస్తదని దేవుని పటం ఎనక పెట్టిన."

పటం ముందు రోజూ దీపం పెడతారు. జానెడు దూరం. లైట్‌మన్ పటం జరిపి తీశాడు. ఉబ్బలేదు, చల్లగానే ఉంది. నేను వెళ్లి గడప మీద కూర్చున్నాను.

"నన్ను తిట్టవే," అన్నాను ఇస్త్రీ ఆవిడతో.

"తిడితే అది గూడ నీ పుస్తకంల రాస్తవు," అంది. నా పక్కన కూర్చుని, నా చెంపల చెమట తన కొంగుతో తుడిచింది.

పాత ఇనుము కొనేవాడు వాటిలో రాగి ఉంటుందని అడిగాడు కానీ నేను ఇవ్వలేదు. పగలగొట్టి కాలుస్తాడు. లైట్‌మన్ బావమరిది కాపలా కాసే సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పాత బ్యాటరీలకు వేరే పెట్టె ఉందనీ, అక్కడి నుంచి వాటిని విడగొట్టే అనుమతి ఉన్న ఫ్యాక్టరీకి పంపుతారనీ తెలిసింది. అడిగితే, ఉబ్బినవి విడిగా తెస్తే తీసుకుంటామన్నారు. ఉబ్బినవి మూడూ వేరే డబ్బాలో ఇసుకలో పెట్టి, శనివారం ఉదయం నేనూ లైట్‌మనూ ఆటోలో పట్టుకెళ్లాం. పద్దెనిమిదీ లెక్కపెట్టించి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకున్నాను. బావమరిది నవ్వాడు. నవ్వనీ.

అనుకున్నట్టే శ్రావణంలో దర్శకుడికి ఒక షాట్ తక్కువ పడింది. కుట్లు విప్పేశానని చెప్పాను. గొణుక్కుని, హీరోయిన్ ముఖం వరకే తీసుకున్నాడు. లోకం మునగలేదు.

తర్వాతి సినిమాకు పెట్టె ఎక్కడ పెట్టాలో అడగడానికి నాకు నోరు రాలేదు. ఆవిడే అడిగింది: "అవ్వ కూసునే జాగ ఖాళీగుంది. పెట్టె ఏదక్కా?"

ఆవిడ చూస్తుండగా ప్రతి సంచీ తడిమి, తిరగేసి, కాగితం అంటించాను.

"ఈపారి ఏం రాసినవ్?"

"బ్యాటరీలు లేవు. వాసన వచ్చినా, వేడెక్కినా నన్ను అడగకుండా తెరవాలి," అని చదివి, తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాను. ఇరవై రెండేళ్లలో అది నా బొడ్డులోంచి దిగడం అదే మొదలు. ఆవిడ దాన్ని కొంగున ముడేసుకుంది.

పెద్దామె తడుముకుంటూ వచ్చి, దుప్పటి మడత సర్దుకుని, పెట్టె మీద కూర్చుంది.

"ఈపారి ఎవల లంగలు బిడ్డా?"

పుస్తకం తెరిచి, జాబితా మొదటి నుంచి చివరిదాకా ఆమెకు చదివి వినిపించాను.