గేట్‌పాస్ లేని బతుకమ్మ

మా నార్సింగి సందులో స్వప్నను ఎరగని మనిషి లేడు. ఎరగకపోతే వాడు నిన్ననే సామాను దింపుకున్న కిరాయివాడు అయ్యుండాలి. జనగామ వైపు పిల్ల. నానక్‌రాంగూడలో ఒక అద్దాల మేడలో హౌస్‌కీపింగ్ పని. ఆ మేడకు ఎన్ని అంతస్తులో చెప్పలేను. నలభై దాకా లెక్కపెట్టేసరికి నా మెడ పట్టేసింది, మూడు రోజులు వంకరగానే తిరిగాను. స్వప్న తుడిచిన నేల మీద ఈగ వాలిందంటే జారిపడి కాలు విరగ్గొట్టుకోవాల్సిందే. మొగుడు స్వామి క్యాబ్ నడుపుతాడు. ఇంట్లో కంటే ఎయిర్‌పోర్టు రోడ్డు మీదే ఎక్కువ కాపురం ఉంటాడు. పిల్లలిద్దరు. ప్రవళికకు ఆరేళ్లు, అజయ్‌కి మూడు.

దసరా సెలవులు ఇచ్చారంటే పిల్లలకు పండగ, స్వప్నకు పరేషాన్. పదమూడు రోజులు ఇద్దరినీ ఎక్కడ పెట్టాలి? పక్కగదిలో బట్టలు ఇస్త్రీ చేసే రాజమ్మ దగ్గర దింపి పోతుంది. నాలుగు రోజులకే అజయ్‌గాడు రాజమ్మ కళ్లజోడు బియ్యం డబ్బాలో పూడ్చి, ఎవరిదో తెల్ల చొక్కాకు కుంకుమ పూసి, ఆమె వయసు పదేళ్లు పెంచాడు.

ప్రవళిక అల్లరి చేయదు. దాని ధ్యాసంతా బతుకమ్మ మీదే. రోజూ సాయంత్రం మా సందులో ఆడవాళ్లు బతుకమ్మలు పెట్టుకొని తిరుగుతుంటే, ఇదీ వెళ్లి చప్పట్లు కొట్టి వస్తుంది. కాని వాళ్లింటి బతుకమ్మ మాత్రం ఒక్క రోజూ లేదు. పేర్చాల్సిన తల్లి అప్పటికి ఆఫీసులో బాత్‌రూములు కడుగుతూ ఉంటుంది.

"అమ్మా, మన బతుకమ్మ ఎప్పుడే?"

"ఆఖరి దినం, సద్దుల నాడు సెలవు పెడ్త బిడ్డా. గంత పెద్దది పేరుస్త. నువ్వే నెత్తి మీద పెట్టుకొని చెరువుకు తీస్కపోదువు, సరేనా?"

అంతే, ప్రవళిక ఆ మాట సందంతా చాటింది. పొద్దున తన ఎత్తు అని చెప్పిన బతుకమ్మ మధ్యాహ్నానికి నాన్న ఎత్తయింది, సాయంత్రానికి కరెంటు స్తంభాన్ని దాటింది.

సెలవు అడగడానికి స్వప్న తేజస్విని మేడమ్ దగ్గరికి వెళ్లింది. ఆ అమ్మాయి కర్నూలు వైపు, హెచ్‌ఆర్‌లో పని. మనసు వెన్న. అదే వచ్చిన చిక్కు. కసిరేవాళ్లయితే తిట్టుకొని ఊరుకోవచ్చు.

"సద్దుల రోజు సెలవా? అయ్యో స్వప్నా, ఆ రోజే కదా అమెరికా నుంచి క్లయింట్స్ వచ్చేది! లాబీలో బతుకమ్మ పెట్టాలని చెప్పేసినాం. మేము వీడియో చూసి నిన్న ట్రై చేసినాం. పెళ్లి కేక్ మాదిరి వచ్చి, మధ్యలో కూలిపోయింది. మా వైపు ఈ పండగ లేదు కదా, మాకేం తెలుసు? నువ్వే చెయ్యాల, ప్లీజ్."

"మేడమ్, మా బిడ్డకు మాటిచ్చిన."

"మరి పాపను కూడా తీసుకొనిరా! నేనే లోపలికి రానిస్తా. ఇక్కడే ఆడుకుంటుంది, అందరితో ఫొటో దిగుతుంది."

స్వప్న తల ఊపి వచ్చింది. ఇంటికొచ్చి కూతురికి చెప్తే అది మూతి ముడుచుకొని కూర్చుంది. చాలాసేపటికి ఒక్క షరతు పెట్టింది.

"ఆడినంక చెరువుకు నేనే తీస్కపోవాలె. మేడమ్‌కి చెప్పు."

ఫోన్ చేసి చెప్పింది. "తప్పకుండా, అది పాపదే!" అంది మేడమ్.

సద్దుల నాడు తెల్లారకముందే స్వామి శంకర్‌పల్లి వైపు వెళ్లి, క్యాబ్ డిక్కీ నిండా గునుగు, తంగేడు నింపుకొచ్చాడు. ఆ డిక్కీలో అన్ని పూలు ఎలా పట్టాయో ఆ కారు చేసినవాడికి కూడా తెలియదు. ఇంటికి రావాల్సిన ఆ పూలన్నీ మూడు సంచుల్లో ఆఫీసుకు పోయాయి. గేటు దగ్గర సెక్యూరిటీ ఐలయ్య వాటిని రిజిస్టర్‌లో రాసుకున్నాడు: పూలు, మూడు సంచులు. మెదక్ మనిషి, ఏడేళ్లుగా అదే గేటు. దోమ లోపలికొచ్చినా టైమ్ వేసి రాస్తాడు.

మధ్యాహ్నం దాకా స్వప్న వంచిన నడుము ఎత్తలేదు. తాంబాళంలో ఆకులు పరిచి, రంగులద్దిన గునుగు ఒక వరుస, తంగేడు ఒక వరుస, బంతి ఒక వరుస, పైన గుమ్మడి పువ్వులో పసుపు గౌరమ్మ. ప్రవళిక కాడలు సమంగా తుంచి అందించింది. పూర్తయ్యేసరికి బతుకమ్మ ప్రవళిక చెవిదాకా వచ్చింది. లిఫ్టుల్లోంచి దిగినవాళ్లు దిగినట్టే నిలబడిపోయారట. పని చేయాల్సిన కంప్యూటర్లన్నీ పైన ఒంటరిగా నిద్రపోయాయట. అమెరికావాళ్లలో ఒకాయన చెప్పులు విడిచి, తప్పు అడుగులేస్తూ మూడు చుట్లు తిరిగాడు. ప్రవళిక ఆయన పక్కనే చప్పట్లు కొట్టింది.

సాయంత్రం ఐదున్నరకు ఆట ముగిసింది. తేజస్విని మేడమ్ ప్రవళిక బుగ్గ గిల్లి, చాక్లెట్ డబ్బా ఇచ్చి, అతిథులతో హోటల్‌కి వెళ్లిపోయింది. స్వప్న లాబీ ఊడ్చింది. తర్వాత తోటి పనమ్మాయి పోచమ్మ సాయం పట్టగా, ఇద్దరూ బతుకమ్మను గేటు దాకా మోసుకొచ్చారు. ప్రవళిక ముందు నడిచింది, ఊరేగింపుకు పెద్దమనిషిలాగా.

ఐలయ్య బతుకమ్మను చూసి టోపీ తీసి దండం పెట్టాడు. తర్వాత టోపీ పెట్టుకొని అడిగాడు.

"గేట్‌పాస్ ఏది చెల్లే?"

"బతుకమ్మకు గేట్‌పాసేందన్నా?"

"పొద్దుగాల పూలు రిజిస్టర్ల ఎక్కినయి గద. ఎక్కినది బయటికి పోవాలంటే పాస్ కావాలె. జర ఆగు, ఫారం నింపుదం." కంప్యూటర్ ముందు కూర్చొని ఒక్కో వేలితో కొట్టసాగాడు. "వస్తువు పేరు... బతుకమ్మ. సీరియల్ నంబర్..."

"నంబరెక్కడుంటదన్నా?"

"లేదని కొడ్త. ఇగ ఇది చూడు. తిరిగి వచ్చేదా, రానిదా?" ఐలయ్య నిజంగానే ఆలోచనలో పడ్డాడు. "మల్ల ఏడాదికి వస్తది గద. వచ్చేదే అని పెడ్త."

పెట్టాడు. వచ్చేదయితే ఏ తేదీకి వస్తుందో చెప్పమంది కంప్యూటర్. దానికీ ఏదో కొట్టాడు. చివరికి ఫెసిలిటీ మేనేజర్ రంగనాథ్ ఒప్పుకోవాలి అని వచ్చి ఆగిపోయింది. రంగనాథ్ పండక్కి అనంతపురం బస్సెక్కి ఉన్నాడు. నాలుగోసారికి ఫోన్ ఎత్తాడు.

"నేనేం చేసేదప్పా? ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంది. ఫోన్లో అప్రూవ్ కాదు అది. పోయిన నెల్లో ఎవురో కుండీ తీసుకొనిపోయినారని నన్నెన్ని మాటలన్నారో నీకు తెల్దా? వదలొద్దు ఐలయ్యా, కెమెరా ఉంది. సోమవారం చూద్దాం."

"సార్, సద్దుల బతుకమ్మ సార్ ఇది. సోమవారం దాక ఆగదు," అన్నాడు ఐలయ్య. అవతల బస్సు హారన్ మోగి, ఫోన్ కట్టయింది.

స్వప్న తేజస్విని మేడమ్‌కి చేసింది. ఆమె వెంటనే ఎత్తింది. "అయ్యో, గేట్‌పాసా! నాకు తట్టనే లేదు స్వప్నా. అది నా చేతిలో లేదే. సారీ రా, నిజంగా సారీ." గొంతులో బాధ నిజమే. బాధతో గేటు తెరుచుకోదు కదా.

చీకటి పడుతోంది. పోచమ్మ బస్సు టైమయిందని వెళ్లిపోయింది. ప్రవళిక ఐలయ్య ప్యాంటు పట్టుకొని లాగింది.

"మామా, తల్పు తియ్యి మామా. చెరువు కాడ అందరు పోతరు."

ఐలయ్యకు మెదక్‌లో ఇద్దరు ఆడపిల్లలు. పైన కెమెరా వైపు చూశాడు, కింద పిల్ల వైపు చూశాడు. తర్వాత స్వప్నను పక్కకు పిలిచి, నేల చూస్తూ చెప్పాడు.

"ఒక్కటే తొవ్వ ఉన్నది చెల్లే. అనొద్దు గాని... చెత్తకు పాస్ అక్కర్లేదు. వెనక గేటుకెళ్లి పోతది."

 స్వప్న దగ్గర చెత్త కవర్లకు కొదవ లేదు. పనే అది. రోజుకు నలభై నల్ల కవర్లు కట్టే చేతులు. కాని అంత బతుకమ్మ ఒక్క కవర్లో నిలబడదు. విప్పాలి. విప్పకపోతే సోమవారం దాకా లాబీలో ఎండుతుంది, ఆనక తానే ఊడ్చాలి.

కూతుర్ని కుర్చీలో అటు తిప్పి కూర్చోబెట్టి, విప్పింది. గౌరమ్మను మాత్రం తమలపాకులో చుట్టి కొంగున కట్టుకుంది. బంతి, తంగేడు, గునుగు, వరుస తర్వాత వరుస, పొద్దున పేర్చిన దానికి తిరుగు వరుసలో, కవర్లలోకి పోయాయి. ప్రవళిక ఎప్పుడు ఇటు తిరిగిందో ఎవరికీ తెలియదు. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది అని ఐలయ్య నాతో పదిసార్లు అన్నాడు. తాంబాళం ఆఫీసుదే, దాన్ని లోపలే ఉంచేశారు. వెనక గేటు కాపలావాడు కవర్లను కాటా మీద పెట్టి, "తడి చెత్త, రెండు" అని రాసుకొని పంపించాడు.

ఆటోలో ప్రవళిక తల్లికి ఆనకుండా చివరికి జరిగి కూర్చుంది. నార్సింగి చేరేసరికి చెరువు గట్టు మీద బతుకమ్మలన్నీ నీళ్లలోకి వెళ్లిపోయాయి. మా సందు ఆడవాళ్లు ప్రసాదం సద్దులు పంచుకుంటూ ఉన్నారు. రాజమ్మ చంకలో అజయ్ పులిహోర నములుతున్నాడు. స్వప్న రెండు నల్ల కవర్లతో మెట్లు దిగుతుంటే, ఒకామె చూసి గట్టిగా అరిచింది.

"ఓ అమ్మా! గీడ చెత్త పోస్తరా? పండగ పూట సిగ్గు లేదా?"

"చెత్త గాదు అక్కా, మా బతుకమ్మ," అంది స్వప్న.

ఎవరూ నవ్వలేదు. అంతమంది ఆడవాళ్లు ఒక్కసారిగా నోరు మూసుకోవడం మా నార్సింగి పుట్టాక అదే మొదటిసారి. స్వప్న కవర్ ముడి విప్పి, నీళ్ల దగ్గర పట్టుకొని కూతుర్ని పిలిచింది.

"రా బిడ్డా. నువ్వే ఇడువు."

ప్రవళిక వచ్చింది. కవర్లోకి తొంగిచూసింది. పూలన్నీ నలిగి, ఒకదాని రంగు ఒకదానికి అంటి, ముద్దగా ఉన్నాయి. చెయ్యి పెట్టలేదు.

"నెత్తి మీద ఎట్ల పెట్టుకోవాలె అమ్మా?" అంది.