ఇసుక పోసి మూసిన దావ

మా రోడ్డు మేస్త్రి చనిపోయాడు. లారీ గుద్దింది, ప్రమాదం అని కాగితంలో రాశారు. ఆ కాగితాన్ని నేను నమ్మను. మనుషులు రోడ్డు దాటడానికి కట్టిన కింది దారిని ఇసుకతో పూడ్పించి, పని పూర్తయిందని రాయించుకుని, హైవే తెరిచిన మా కంపెనీ ఆయన్ని చంపింది. ఆ రాతకింద సంతకం మా సైట్ ఇంజనీరుది. ముందు ఈ మాట చెప్పి తర్వాత ఆయన గురించి చెబుతాను. చనిపోయినవాడి మంచితనం రాసి, చంపినవాడి ఊసెత్తకుండా ఊరుకోవడం నాకు చేతకాదు.

మొన్న సోమవారం మధ్యాహ్నం జరిగింది. ఇరాక్ సైన్యం కువైట్ వదిలి పారిపోతూ అంటించిన నూనెబావులు ఇంకా మండుతూనే ఉన్నాయి. గాలి మా వైపు తిరిగిన రోజున మిట్టమధ్యాహ్నం కూడా బండ్లు లైట్లు వేసుకుని పోవాలి. నేను క్యాంపుకు నాలుగు కిలోమీటర్ల అవతల తారు పరుస్తున్నాను. టిప్పర్ డ్రైవరు బండి దిగకుండానే అరిచాడు.

"ఒరే, మీ చిచ్చా పోయినాడు. క్యాంపు కాడ. నీళ్ళు తెస్తా ఉంటే."

చేతిలో పార ఉంది. పారతోనే బండెక్కాను. ఎందుకు పట్టుకుపోయానో నాకే తెలియదు.

చిచ్చా అంటే బాబాయి, మేస్త్రిని మేం అట్లా పిలిచేవాళ్ళం గానీ ఆయన నాకు బంధువు కాదు. ఆయనది రాయచోటి, మాది దానికి ఎగువన ఒక పల్లె. ఆయన అయిదు పూటలా నమాజు చేసేవాడు, నేను ఏ దేవుడికీ చెయ్యెత్తను. అయినా క్యాంపులో కడప జిల్లా వాళ్ళందరికీ ఆయన చిచ్చానే. చదువు రాదు. డ్రాయింగు మీద అంకెలు నాతో చదివించుకునేవాడు. ఒకసారి చదివితే మళ్ళీ అడిగేవాడు కాదు.

అహ్మది నుంచి దక్షిణంగా ఎడారిలోకి పోయే పాత రోడ్డు మీకు తెలుసు. రెండు వరుసలే. ఎక్కడ కావాలంటే అక్కడ ఎక్కొచ్చు, ఎక్కడ కావాలంటే అక్కడ దాటొచ్చు. ఒంటెలూ దాటేవి, మనమూ దాటేవాళ్ళం. దాన్ని పెద్ద హైవే చేయడానికి మమ్మల్ని తెచ్చారు. అటు మూడు వరుసలు, ఇటు మూడు, మధ్యలో కాంక్రీటు గోడ, రెండు అంచులకూ ఇనుప కంచె. ఎక్కడానికీ దిగడానికీ చెప్పిన చోటే దారి. దాన్ని అడ్డంగా ఏదీ దాటకూడదు. దాటాలంటే పైనుంచి వంతెన, లేదా కింద నుంచి సొరంగం. ఇదీ ఆ స్థాయి రోడ్డుకు రూలు. రూలు మంచిదే. దాన్ని రాసినవాళ్ళు మనుషుల్ని మరిచిపోలేదు. మా క్యాంపు రోడ్డుకు పడమట, అంగడీ మసీదూ ఫోనూ తూర్పున. అందుకని క్యాంపు ఎదురుగా నడిచేవాళ్ళకు ఒక కింది దారి కట్టాలని డ్రాయింగులోనే ఉంది. మేం దాన్ని మన మాటలో కింది దావ అనేవాళ్ళం.

మొదటి రోజే ఇంజనీరుతో చిచ్చాకు గొడవ పడింది. ఇంజనీరు మన తెలుగువాడే, గోదావరి జిల్లా.

"ముందు పైన పొరలు వేసేద్దాం మేస్త్రీ, కింది దారి ఆఖర్న చూసుకుందాంలే. నడిచేవాళ్ళ కోసం పని ఆపుకుంటామేంటి?"

"కాదు సార్. రోడ్డు పెద్దదయ్యే కొద్దీ మనిషి చిన్నోడయితాడు. చిన్నోనికి దావ ముందెయ్యాల."

"అబ్బో! వేదాంతం కూడా వచ్చే."

"రోడ్డు లేసినంక దాని కింద తవ్వేదానికి మీరొస్తారా సార్, నన్నే పంపుతారా?"

అందరూ నవ్వారు. ఇంజనీరు నవ్వలేదు. కింది దారే ముందు కట్టాం.

ఆయనకొక అలవాటు ఉండేది. పొర అణిచి, రోలరు పక్కకు తప్పుకున్నాక, తన తాగే నీళ్ళ క్యాను తెచ్చి రోడ్డు మీద వంచేవాడు. ఆ నీళ్ళు ఎటు పోతున్నాయో గొంతుక్కూర్చుని చూసేవాడు. అరచేతంత మడుగు కట్టినా ఆ ముక్క లేపించేవాడు. యాభై డిగ్రీల ఎండలో, తాగే నీళ్ళు! కొత్తగా వచ్చిన వాళ్ళు ఆయనకు మతి చలించిందనుకునేవాళ్ళు. ఇంజనీరైతే "కువైట్‌లో వానెక్కడిది మేస్త్రీ, వాలు చూడ్డానికి మిషన్లున్నాయిగా" అనేవాడు.

"మిషను మీరు చెప్పిన మాట ఇంటాది సార్. నీళ్ళకు కంపెనీ లేదు, వీసా ఇచ్చే కఫీల్ లేడు. పల్లం యాడుంటే ఆడికి పోతాయి."

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అని మన పెద్దలంటారు. నిజం తెలుసుకోవడానికి ఆయన దేవుడి దాకా పోలేదు. ఒక క్యాను నీళ్ళు చాలనుకున్నాడు.

ఊరి నుంచి తెచ్చుకున్న కరపత్రాలు నా పెట్టెలో ఉండేవి. దోపిడీ గురించి నేను గట్టిగా చదివి వినిపిస్తుంటే ఆయన కాళ్ళకంటిన తారు కిరసనాయిలుతో తుడుచుకుంటూ వినేవాడు. ఒకరోజు అడిగాడు. "అంతా నిజమే అబ్బీ. ఈ కాగితాల్లో దావ కట్టేది ఎట్లనో యాడన్నా రాసినారా?" నాకు ఒళ్ళు మండింది. కరపత్రం మడిచి పెట్టెలో పడేశాను.

పోయినేడు ఆగస్టులో సద్దాం సైన్యం దిగింది. ట్యాంకులు మా రోడ్డు మీదికి వచ్చాయి. ముందు రోజే పరిచిన తారు, ఇంకా గట్టిపడలేదు. గొలుసు చక్రాలు దాన్ని దున్నేశాయి. మేమంతా గోడచాటున నక్కి ఉంటే, చిచ్చా లేచి నిలబడి తిట్టడం మొదలుపెట్టాడు.

"మీ యవ్వారం తగలెయ్య! మనుషులు పోయేదానికి ఏసిన రోడ్డురా ఇది!"

చొక్కా పట్టుకుని కిందికి లాగాం. దేశాన్ని ఆక్రమిస్తుంటే తారు గురించి ఏడుస్తాడేమిటని నాకు కోపం వచ్చింది. ఈ రోజు ఆ కోపానికి సిగ్గుపడుతున్నాను. తన చేతిపనిని తొక్కినవాడిని మొహాన తిట్టిన మనిషి మాలో ఆయనొక్కడే.

కంపెనీ దొరలు మూడు జీపుల్లో సౌదీ వైపు పోయారు. మా ఇంజనీరు కూడా ఎక్కాడు. "సాయంత్రం మీకు బస్సు పంపుతాం" అన్నాడు. మా పాస్‌పోర్టులు ఆఫీసు బీరువాలో, తాళంచెవి ఆయన జేబులో. బస్సు రాలేదు. మూడో రోజు చిచ్చా గడ్డపార తీసుకుని బీరువా పగలగొట్టాడు. "దొంగతనం అంటారేమో చిచ్చా" అని ఎవరో గొణిగితే, "లోపల ఉండేది మన మొగాలే గదరా" అన్నాడు.

క్యాంపు రేకుల షెడ్లలో ఉండటం ప్రమాదమని మమ్మల్నందరినీ కింది దావలోకి మార్చాడు. రెండు వైపులా తెరిచిన కాంక్రీటు పెట్టె అది. పైన ట్యాంకులు పోతుంటే కప్పు అదిరేది, పగల్లేదు. జాబ్రియాలో ఒక ఇంట్లో పనిచేసే రాజంపేట అక్క, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో కూరగాయల పికప్‌లో అక్కడికి చేరింది. వెంట ఒక తెల్ల కుక్క.

"మా మామా, ఆ ఇంటి దొరసాని, సూట్‌కేసులన్నీ సర్దుకోని పాయ చిచ్చా. నన్ను మాత్రం కుక్కకు కూడేస్తా ఇంటికాడ ఉండమని ఇడిసిపెట్టి పాయ."

"మరి కూడేసినావా?"

"నాకే లేదు, దానికేంది ఏసేది! ఆకలితో నా ఎంటబడి వచ్చింది సూడు."

ఆ చీకట్లో, అంత భయంలో, ఎంత నవ్వామో. పన్నెండు రోజులు ఉన్నాం అక్కడ. నీళ్ళు గ్లాసుతో కొలిచి ఇచ్చేవాడు, ముందు ఆడవాళ్ళకు, చివర తనకు. కుక్కకు మూతతో. తర్వాత బస్సుల్లో బస్రా, బాగ్దాద్, అమ్మాన్ మీదుగా ఊళ్ళకు పోయాం. మేం ప్రాణాలతో ఊరు చేరామంటే ఆ దావ వల్ల. ఇంజనీరు మాట విని దాన్ని ఆఖర్న పెట్టుకుని ఉంటే మేం ఎక్కడ దాక్కునేవాళ్ళం?

యుద్ధం అయిపోగానే కంపెనీ మళ్ళీ పిలిచింది. ఊళ్ళో తిండి లేదు, వచ్చాం. చిచ్చా కూడా వచ్చాడు. అదే క్యాంపు, అదే ఇంజనీరు, అదే నవ్వు. బస్సు సంగతి ఎవరం అడగలేదు. మన బతుకులు అట్లాంటివి.

ఇప్పుడు చెప్పవలసిన మాట చెబుతాను. నూనెపొగకు చిచ్చాకు దగ్గు పట్టుకుని రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ రెండు రోజుల్లో ఇంజనీరు మమ్మల్ని కింది దావ దగ్గరికి తీసుకుపోయాడు.

"లోపల మందుపాతర్లు అవీ ఉన్నాయేమో, చెకింగు వాళ్ళు రావాలి. అందాకా రెండు మూతులూ ఇసుకతో మూసేయండి. రెండు వారాలంతే. యల్లా, యల్లా, కానివ్వండి!"

మేం పన్నెండు రోజులు పడుకున్న చోటు అది. అనుమానం ఉంటే చూపించి తీయాలి, మూసి మరిచిపోకూడదు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. ఆగింది. పారలతో, తట్టలతో పోశాం. పోసిన వాళ్ళలో నేనున్నాను. దోపిడీ గురించి గొంతు చించుకునే నేను, ఒక్క "ఎందుకు" అనలేకపోయాను.

చిచ్చా తిరిగొచ్చి ఆ ఇసుక చూశాడు.

"ఎవురు పోయించినారు?"

"ఇంజనీర్ సారు."

"పోసింది?"

నేను తల దించుకున్నాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. క్యాను తెచ్చి ఆ ఇసుక మీద నీళ్ళు వంచాడు. ఇసుక తాగేసింది. "సూడు, ఈ ఇసక జవాబు గూడా చెప్పలా" అన్నాడు.

రెండు వారాలు రెండు నెలలయ్యాయి. చెకింగు వాళ్ళు రాలేదు, ఎవరైనా పిలిస్తే కదా వచ్చేది! తెల్లగీతలు వేశారు, కంచె బిగించారు, హైవే తెరిచారు. అన్ని పనులూ అయినట్టు రాసిన కాగితంలో కింది దారి కూడా ఉందని ఆఫీసులో టీ ఇచ్చే మనవాడు కళ్ళారా చూశాడు. చిచ్చా వారానికొకసారి ఇంజనీరు గదికి పోయేవాడు. చివరిసారి నేనూ వెంట ఉన్నాను.

"సార్, దావ తెరిపించండి. మనుషులు కంచె కోసి దాటతాండారు."

"కంచె కొయ్యడం నేరం, తెలుసా? ఖలాస్ మేస్త్రీ, ఆ పని అయిపోయింది."

"అయిపోలేదు సార్. నేను కట్టినోన్ని. నాకు తెలీదా?"

"మరి దాటొద్దని చెప్పు మీవాళ్ళకి."

"నీళ్ళు తాగొద్దని చెప్పమంటారా?"

ఎందుకన్నాడో వినండి. యుద్ధంలో క్యాంపు గొట్టాలు పగిలాయి. నీళ్ళ ట్యాంకరు తూర్పు వైపే ఆగుతుంది. హైవే అయ్యాక దానికి ఇటు తిరిగే దారి లేదు. ఎక్కడో పన్నెండు కిలోమీటర్ల అవతల తిరిగి రావాలి, అంత డీజిలు ఎవరూ పొయ్యరు. అందుకని క్యాంపు మనుషులు ఆరు వరుసలు, మధ్య గోడ దాటి నీళ్ళు తెచ్చుకోవాలి. తన జట్టులో చిన్నవాళ్ళను పంపడానికి చిచ్చా ఒప్పుకునేవాడు కాదు. తానే పోయేవాడు. సోమవారం పొగ బాగా దట్టంగా ఉంది. పోయేటప్పుడు దాటాడు. వచ్చేటప్పుడు మధ్య గోడ దిగి, మూడు వరుసల్లో రెండు దాటాడు.

నేను పోయేసరికి ఆయన్ని పక్కకు తీసి దుప్పటి కప్పారు. క్యాను పగిలి రోడ్డు మీద ఉంది. నీళ్ళు అప్పటికీ పారుతూనే ఉన్నాయి, సన్నగా, ఒక్కచోట కూడా నిలవకుండా, ఆయన వేసిన వాలు వెంబడి కంచె దాకా. ఆ నీళ్ళలో నల్ల ఆకాశం కదులుతూ ఉంది. మడుగు ఉందేమోనని వెతికాను. లేదు. ఆయన రోడ్డులో తప్పు లేదు.

ఈ మట్టిలోనే పెట్టారు ఆయన్ని. రాయచోటిలో ఆయన ఇంటికి నేనే ఉత్తరం రాశాను. ఇంజనీరు వచ్చి "పాపం, మంచి పనివాడు" అన్నాడు. మీదికి పోబోతే నలుగురు నన్ను పట్టుకున్నారు. పట్టుకున్నవాళ్ళకు ఇప్పుడు దండం పెడుతున్నాను. ఆయన్ని కొడితే నన్ను విమానమెక్కిస్తారు, ఇసుక అక్కడే ఉంటుంది. ఇంకో క్యాను పట్టుకుని ఇంకొకరు దాటతారు. నిన్న కూడా ఇద్దరు దాటారు, నేను చూశాను.

మళ్ళీ జాబ్రియాకే వచ్చిన రాజంపేట అక్కకు ఫోనులో చెప్పాను. "పన్నెండు దినాలు మనల్ని కడుపులో పెట్టుకున్న దావను మూసినారా? నాకు సెలవీకుంటే గోడ దూకి వస్తా" అంది.

అహ్మదిలో, షుఐబాలో, జాబ్రియాలో ఈ కాగితం ఎవరి చేతికి వస్తే వాళ్ళు చదివి పక్కవాళ్ళకు ఇవ్వండి. చదవలేనివాళ్ళకు చదివి వినిపించండి. మందుపాతర్లు తీసే వాళ్ళ దగ్గరికి నేనే పోయాను, ఇంజనీరు రెండు నెలల్లో పోలేని చోటికి, బస్సెక్కి, గంటలో. గురువారం వచ్చి చూస్తామన్నారు. ఆ మరుసటి రోజు మనది. నేను పోసిన ఇసుక నేను తీస్తాను. మొదటి తట్ట నాది. ఎవరినీ కొట్టడానికి కాదు, ఎవరి అద్దాలూ పగలగొట్టడానికి కాదు. మేస్త్రి కట్టిన పనిని మళ్ళీ తెరవడానికి.

శుక్రవారం పొద్దున ఆరు గంటలకు, క్యాంపు ఎదుట, కింది దావ పడమటి మూతి దగ్గర. తూర్పున ఉన్నవాళ్ళు రోడ్డు దాటకండి, అటు మూతి దగ్గరే మొదలుపెట్టండి, మధ్యలో కలుద్దాం. పార ఉంటే పార, లేకుంటే తట్ట. ప్రతి ఒక్కరూ ఒక క్యాను నీళ్ళు తెండి. ఇసుకంతా ఎత్తేశాక ఆ నీళ్ళు దావలో పోసి గొంతుక్కూర్చుని చూద్దాం, ఎటు పోతాయో. సరిగ్గా ఆరు గంటలకు.