ఉప్పు చూడని వేపుడు

అరకులోయ దగ్గర ఒక కొండ ఊళ్ళో సైన్స్ టీచరుగా చేరిన మొదటి ఏడాది అది. ఆ రోజు చిక్కుడు కొత్త పండగ. కొత్త కాపు ముందు చనిపోయిన పెద్దలకి పెట్టి, ఆ తరవాతే ఇంట్లోవాళ్ళు తింటారు. మా ఇంటి ఓనరు బుద్రమ్మ గుమ్మడికాయ కూర వండుతుంటే, చిక్కుడుకాయ వేపుడు నేను చేస్తానన్నాను. అలవాటుగా గరిటె నోటిదాకా తెచ్చాను.

"రుచి సూడకు టీచరమ్మా! పెద్దోలు తినీదాకా మనం నోట్లో ఎట్టకూడదు" అని బుద్రమ్మ నా చెయ్యి పట్టేసుకుంది.

ఆ కంగారులో అసలు ఉప్పే వెయ్యలేదు. లోపలి గదిలో ఆకు వేసి వడ్డించి, ఇంటి తలుపు దగ్గరగా వేసి, ఇంట్లో ఉన్న నలుగురం బయట అరుగు మీద పొగమంచులో నిలబడ్డాం. లోపల ఏదో మూత కింద పడ్డ చప్పుడైంది. పిల్లి అనుకున్నాను.

తలుపు తీశాం. వంటింటి గట్టు మీద నేను మూత బిగించి పెట్టిన ఉప్పు డబ్బా, ఆకు పక్కన ఉంది. మూత లేదు.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. బుద్రమ్మ మాత్రం వేపుడు నోట్లో వేసుకుని, "మా అత్తకి ఉప్పు తక్కువైతే ముద్ద దిగీది కాదు" అంటూ ఆ డబ్బా అందుకుంది.

క్లాసులో పిల్లలకి ప్రతిదానికీ కారణం వెతకమనే చెప్తాను. కానీ ఇప్పటికీ పండగ పూట ఉప్పు డబ్బా మూత బిగించను.