చప్పిడి కూర నేర్పే క్లాసు

పెళ్లైన నాటి నుంచి పొయ్యి ముందు నిలబడ్డదాన్ని, ఈ వయసులో వంట క్లాసుకు పోతున్నానంటే మా అపార్ట్‌మెంట్‌లో నవ్వనివాళ్లు లేరు. "తాతకు దగ్గులు నేర్పినట్టుంటది వదినా. నీకు వాళ్లేం నేర్పుతరు?" అంది పక్కింటామె. అన్నది నిజమే. నా పచ్చిపులుసు కోసం పోచంపల్లి చుట్టాలు సరిగ్గా భోజనం వేళకే దిగేవారు. కానీ నాకు వచ్చిన వంటంతా ఉప్పుతో చేసే వంట. ఇప్పుడు నాకు కావలసింది అది కాదు.

మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పనిచేసి మానుకున్నారు. ఈ మధ్యే గుండె నీరసించి దవాఖానలో పడ్డారు. ఇంటికి పంపేటప్పుడు ఉప్పు బాగా తగ్గించమన్నారు. ఇక అప్పడాలు, పచ్చళ్ల సంగతి చెప్పేదేముంది? అప్పటి నుంచి ఆయనకు తిండి మీద మనసు పోయింది. రెండు ముద్దలు తిని లేచిపోతారు. చొక్కా భుజాల మీంచి జారుతోంది. మళ్లీ చూపించుకోవడానికి వెళ్తే, "తినకుంటే మందులేం చేస్తయమ్మా?" అన్నాడు డాక్టరు.

నన్ను అంతకంటే కోసేసింది ఇంకొకటుంది. ఆయనకు మొదటి నుంచీ ఒక అలవాటు. తిని చెయ్యి కడుక్కుంటూ "రేపేం కూర?" అని అడిగేవారు. తిన్నది అరగకముందే రేపటి గోలేంటని విసుక్కునేదాన్ని. దవాఖాన నుంచి వచ్చాక ఆ మాట మానేశారు.

ఎల్బీనగర్‌లో ఒకమ్మాయి తన ఫ్లాట్‌లోనే ఉప్పు తగ్గించిన వంటలు నేర్పుతుందని తెలిసి, కొండంత ఆశతో మెట్రో ఎక్కాను. గుంటూరు వైపు అమ్మాయి, నా చిన్న కూతురి ఈడుంటుంది. హాల్లో మేం కొందరు ఆడవాళ్లం చుట్టూ నిలబడ్డాం. "ముందుగా బీరకాయ చెక్కు తీయడం చూద్దామండి" అంది. చూశాం. తర్వాత ఉల్లిపాయ కోయడం చూపించింది. నాకు లోపల ఉడికిపోతోంది. దీనికోసమా ఇంత దూరం వచ్చింది? చెక్కు చెత్తబుట్టలో వేయబోతే ప్రాణం ఊరుకోక, "పారెయ్యకు బిడ్డా, తొక్కు నూరుకోవచ్చు" అన్నాను. "అలాగేనండి ఆంటీ" అని బుద్ధిగా పక్కన పెట్టింది. ఆ పిల్ల మాటిమాటికీ రాసుకున్న కాగితం చూసుకుంటోంది. కొత్త కాబోలు అనుకుని నోరు మూసుకున్నాను.

ఉప్పు బదులు ఏం వేస్తుందా అని కళ్లప్పగించి చూస్తే, వేసింది నిమ్మరసం, కొత్తిమీర, నువ్వుల పొడి. అవన్నీ నేను ఎప్పుడో వేసి చూసినవే. ఆగలేక అడిగేశాను. "ఉప్పు లేకుంటే ఆ రుచి ఎట్లొస్తది బిడ్డా?"

"రాదండి" అంది. "మా నాన్నగారికి వండీ వండీ చెప్తున్నాను. ఆ రుచి ఇంక దేంతోనూ రాదండి."

నా ఆశ అక్కడికక్కడే చల్లారింది.

తర్వాత చాప పరిచి, అందరికీ ఆ కూరే వడ్డించి, తనూ కూర్చుంది. నేను కంచం వంక చూస్తూ ఉండిపోయాను. మా ఇంట్లో వండేటప్పుడు రుచి చూసే ఆచారం లేదు. ఎంగిలవుతుంది. మా అత్తగారు చెయ్యి లెక్కతో వండేది, నేనూ అంతే. ముందు ఆయనకు పెట్టి, ఆయన తిన్నాకే నేను తింటాను. ఇప్పుడు ఆయనకు చిన్న గిన్నెలో చప్పిడి కూర, నాకు వేరే ఉప్పు కూర. ఆయన గిన్నెలో మిగిలింది పనామె కూడా పట్టుకుపోదు.

ముద్ద నోట్లో పెట్టుకున్నాను. గొంతు దిగలేదు. ఇన్నాళ్లూ ఇదేనా ఆయన కంచంలో వేసి, ఇంకొంచెం తినండని వెంటపడింది? నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బాలేదా ఆంటీ?" అంది ఆ పిల్ల భయంగా.

"బాగలేదు బిడ్డా."

"నాకూ బాలేదండి" అని నవ్వేసింది. దాంతో అందరూ నవ్వారు. తిట్టుకుంటూనే, ఒకరి మొహాలొకరు చూసుకుంటూనే కంచాలు ఖాళీ చేశాం.

"ఏం నేర్చుకున్నవ్ వదినా?" అని లిఫ్టు దగ్గర పక్కింటామె పట్టుకుంది. "బీరకాయ చెక్కు తీసుడు" అని చెప్పి లోపలికి వచ్చేశాను.

మర్నాడు ఒకే గిన్నెలో సొరకాయ కూర వండాను. ఆయనకు వడ్డించి, నాకూ కంచం పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. ఆయన వింతగా చూశారు.

"నీ కూరేది?"

"గిదే."

"నీకేం బీమారి? ఉప్పేసి వండుకో పో."

"తినుండ్రి, చల్లారుతది."

నేను ముద్ద మింగేదాకా ఆయన తన కంచంలో చెయ్యి పెట్టలేదు. ఎంత దాచుకున్నా నా మొహం దాగలేదు.

"సప్పగుంది గదా" అన్నారు.

"సప్పగనే ఉంది. ఇన్ని దినాలు ఒక్కమాట చెప్పకపోతిరి?"

"నువ్వు గంత కష్టపడి చేస్తుంటివి. ఏమని చెప్తా?"

తల వంచుకుని తింటూ పోయాను. ఆయనా తింటున్నారు. కాసేపటికి కంచం నా వైపు జరిపితే ఇంకో గరిటె కూర వేశాను. అదీ తిన్నారు. లేచి వెళ్లి, కుళాయి కింద చెయ్యి కడుక్కుంటూ, నా వైపు తిరక్కుండానే అడిగారు.

"రేపేం కూర?"