వియ్యపురాలిని తిట్టని పూట

గోదావరి మీద రైలు వంతెన ఇంకా లేని ఆ రోజుల్లో పాట అంటే మనిషి నోట్లోంచి రావలసిందే. ఇప్పుడు గ్రామఫోను పెట్టెలోంచి వస్తోంది. మా మనవరాలు నెలకో పాట మీద మోజు పడి, పై నెలకు అదే పాటను "అబ్బ, పాతది" అని తోసేస్తుంటే ఇంట్లో అందరూ విసుక్కుంటారు. నేను విసుక్కోను, విసుక్కోవడానికీ ఓపిక కావాలి. పైగా దాని వయసులో నాకు పట్టిన మోజు మా చెల్లి పెళ్ళిపందిరి దాకా వెళ్ళింది.

మాది రామచంద్రపురం దగ్గర వరి పండించే ఊరు. మగపెళ్ళివారు విస్తళ్ళ ముందు కూర్చోగానే ఆడపెళ్ళివారి ఆడవాళ్ళు వరసగా నిలబడి వియ్యపురాలిని పాటకట్టి తిట్టడం మా వైపు ఆచారం. ఆ పాటల్లో మా నాయనమ్మను మించినవాళ్ళు లేరు. ఆరేళ్ళప్పుడు నాకు లోకంలో అంతకన్నా గొప్ప సంగీతం లేదు. నాయనమ్మ కొంగు పట్టుకుని ముందు నిలబడి, ప్రతి చరణం చివరా అందరికన్నా గట్టిగా అరిచేదాన్ని. (అర్థాలు తెలియవు. తెలిసుంటే అంత గట్టిగా అరిచేదాన్ని కాదు.)

పన్నెండో ఏట రాజమండ్రిలో మా మేనమామగారింటికి వెళ్ళినప్పుడు, ఎక్కడినుంచో వచ్చిన నాటకం కంపెనీవాళ్ళ ఆట చూశాను. హార్మోనియం మొదటిసారి విన్నదీ అక్కడే. రాణి వేషం కట్టిన మగమనిషి ఒక్క మాట పట్టుకుని, అది ఎక్కడ మొదలైందో మేం మరిచిపోయేదాకా సాగదీసి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఇంటికి తిరిగొచ్చాక నాయనమ్మ పాటలన్నీ మోటుగా తోచాయి. పశువులపాక పక్కన కూర్చుని, కళ్ళు మూసుకుని ఏడుపు రాగాలు తీసేదాన్ని. మాకు హార్మోనియం లేదు గనక ఆ చప్పుడూ ముక్కుతో నేనే చేసేదాన్ని. చివరికి పాలేరు మా అమ్మ దగ్గర మొరపెట్టుకున్నాడు. "చిన్నమ్మగారు కాస్త అటెళ్ళి పాడుకుంటే గేదె పాలు చేపుద్దండి."

మరుసటి వైశాఖంలో మా చెల్లి పెళ్ళి. (జ్యేష్ఠమని మా తమ్ముడు వాదిస్తాడు. జ్యేష్ఠంలో వాడికి గవదబిళ్ళలు. పెళ్ళిలో వాడు బూరెలు తిన్నాడు. గవదబిళ్ళలతో బూరెలు తినలేడు.) చెల్లికి తొమ్మిదేళ్ళు, నాకు పదమూడు, నాకప్పటికే పెళ్ళయింది గాని కాపురానికి పంపలేదు. పందిట్లో పనివాళ్ళ మీద కేకలేసి కేకలేసి నాయనమ్మ గొంతు పూర్తిగా పోవడంతో, పాట నాకప్పగించింది. మగపెళ్ళివారు కూర్చున్నారు. నేను కళ్ళు మూసుకుని, అడవిలో ఒంటరిగా మిగిలిన రాణిగారి దుఃఖం అందుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి మా వియ్యపురాలు విస్తట్లో చెయ్యి పెట్టకుండా కూర్చుంది.

"ఏమండీ వదినగారూ," అంది మా అమ్మతో, "మేం పెళ్ళికొచ్చామా, పరామర్శకొచ్చామా? ఎవరు పోయారండి?"

"అయ్యో, అవేం మాటలండీ! చిన్నపిల్ల, ఏదో కొత్త పాట..."

"మా ఆడపడుచునైతే వాళ్ళ వియ్యాలవారు పూటపూటా తిట్టారండి. నన్ను ఒక్క మాటన్నారా? తిట్టడానిక్కూడా తగనా అండి మీకు?"

ఆవిడ లేవబోయింది. లేస్తే వెనకాల పంక్తి మొత్తం లేస్తుంది. రేపు ఆ ఇంటికి వెళ్ళి ఆవిడ చేతికింద బతకవలసింది మా చెల్లి. అది పెళ్ళికొడుకు పక్కన కూర్చుని, నోట్లో బూరె నమలడం మానేసి నా వంకే చూస్తోంది. నాయనమ్మ నా వీపు మీద ఒక్కటి వేసి, లేని గొంతుతో బుసకొట్టింది. "నీ రాగం గోదాట్లో కలవ! తిట్టవే! చెల్లి బతుకు నీ గొంతులో ఉందే!"

పాత పాట ఒక్కటీ గుర్తురాలేదు. వియ్యపురాలి వంక చూశాను. భారీ మనిషి, పొద్దున్న పడవలోంచి దిగడానికి నలుగురు చెయ్యందించారు. నోటికొచ్చింది అందుకున్నాను:

"వియ్యపురాలమ్మ పడవెక్కెనమ్మా,
పడవ మునగలేదు, కాలువ పొంగెనమ్మా,
పొంగి మా చేలకు నీరందెనమ్మా,
ఈ యేటి పంటంతా ఆవిడ చలవేనమ్మా!"

మా అమ్మ కళ్ళు మూసుకుంది. వియ్యపురాలు ఒళ్ళంతా కదిలేలా నవ్వింది. "ఓసి నీ ఇల్లు బంగారం గానూ! పంటంతా నా చలవేనా!" అని నేతిగిన్నె దగ్గరికి జరుపుకుంది. రెండో ముద్ద దగ్గర, "అమ్మాయ్, అదుగో మా ఆడపడుచు. పుల్లలా ఉంటుంది, దాని మీదా ఒకటి కట్టవే," అని పురమాయించింది. సాయంత్రం దాకా నన్ను వదల్లేదు. మా రాణిగారు ఆ అడవిలోనే ఉండిపోయింది. చెల్లిని మాత్రం ఆవిడ బతికినన్నాళ్ళూ బాగానే చూసుకుంది.

తర్వాత కాలంలో నేనూ ముగ్గురు కొడుకులకు పెళ్ళిళ్ళు చేసి, వియ్యపురాలినై విస్తరి ముందు కూర్చున్నాను. మొదటి రెండు పెళ్ళిళ్ళలో బ్యాండుమేళం తప్ప ఎవరూ నోరు మెదపలేదు. మూడోదాంట్లో పెళ్ళికూతురి అక్క హార్మోనియం ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని, అచ్చం ఎవరో పోయినట్టే పాడింది. బాగానే పాడింది. నన్ను తిట్టండమ్మా అని అడగడానికి సిగ్గేసింది. అలిగి లేద్దామంటే మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఎవరికీ వినబడకుండా నా మీద నేనే ఒక చరణం కట్టుకున్నాను. ప్రాస ఒకచోట కుదరలేదు. అయినా నవ్వుకుని, పప్పు కలుపుకున్నాను.