పులుసు రుచి చెప్పే మనిషి

పరాయి దేశంలో మన వైపు వంటలతో ఒక హోటల్ పెట్టాలన్నది ఆమె ఎన్నాళ్లనాటి కోరికో. అక్కడి మనవాళ్లంతా ఆమెను అత్తయ్య అనే పిలుస్తారు. ఏళ్ల తరబడి ఒక లాండ్రీలో నిలబడి దుప్పట్లు ఇస్త్రీ చేసింది. భర్త సిటీ బస్సు నడిపాడు. ఆయన రిటైరయ్యాక ఇద్దరూ కలిసి బస్టాండు పక్కన చిన్న కొట్టు అద్దెకు తీసుకున్నారు. గోడలకు రంగులు వేయించారు, బల్లలు వేశారు, బోర్డు కూడా ఎక్కించారు.

సరిగ్గా అప్పుడే ఆమెను జ్వరం పట్టుకుంది. మంచాన పడేసి, పోతూ పోతూ నాలుక మీది రుచినీ ముక్కులోని వాసననీ పట్టుకుపోయింది. లేచిన పొద్దున పులుసు కాచి, అరచేతిలో వేసుకుని నాకి చూస్తే వేడినీళ్లలా ఉంది. ఇంకాస్త ఉప్పు వేసింది. చింతపండు పిండింది. అయినా అంతే. గరిటె పక్కన పెట్టి అక్కడే కూలబడింది.

డాక్టరు రుచి మెల్లగా తిరిగొస్తుందన్నాడు, ఎప్పటికని మాత్రం చెప్పలేకపోయాడు.

“బోర్డు దింపించేయండి,” అంది భర్తతో. “రుచి తెలియనిదాన్ని, నలుగురికి ఏం వండి పెడతాను?”

“నేను చూసి చెప్తాను” అన్నాడాయన.

“మీరా? పెళ్లైన దగ్గర్నుంచి మీ నోట ‘బాగుంది’ తప్ప ఇంకో మాట విన్నానా? ఉప్పు మర్చిపోయిన రోజు కూడా బాగుందనే తిన్నారు.”

“బాగాలేదంటే మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్తావు కదా. పగలంతా నిలబడి వచ్చేదానివి.”

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, గిన్నెలో ఇంత పులుసు పోసి ఆయన ముందు పెట్టింది.

“ఉప్పుందా?”

“ఉంది.”

“పులుపు?”

“అదీ ఉంది.”

ఆమె నెత్తి కొట్టుకుంది. ఆయన కళ్లు మూసుకుని ఇంకో గుక్క తాగాడు. “కొత్త కాపురంలో నువ్వు పెట్టిన పులుసు గొంతు దిగేటప్పుడు కాస్త గీరుకునేది. ఇది ఊరికే జారిపోతోంది.”

ఆమె మిరియాలు దంచి వేసింది.

“దగ్గరికొచ్చింది. కానీ చివర్న కాస్త తీపి తగిలేది.”

చిన్న బెల్లం ముక్క పడింది. ఆయన ఈసారి తాగి, గిన్నె ఖాళీ చేసేదాకా దించలేదు. ఇన్నేళ్లూ తలొంచుకుని తినే మనిషి తన చేతివంటనంతా ఇలా లోపల దాచుకున్నాడని ఆమెకు ఆ పూటే తెలిసింది.

హోటల్ తెరిచిన రోజు మధ్యాహ్నం దాకా ఈగ కూడా వాలలేదు. ఆ తర్వాత మనవాడే ఒక టాక్సీ డ్రైవరు వచ్చాడు. నాలుగు ముద్దలు తిన్నాక చెయ్యి ఆపాడు. ఆమె వంటగది గుమ్మంలోంచి బయటికొచ్చింది.

“ఏం బాబూ, ఉప్పెక్కువైందా?”

“లేదండీ. ఉన్న అన్నానికి ఈ పులుసు చాలుతుందా లేదా అని చూసుకుంటున్నా.”

ఆమె గిన్నెతో సహా తెచ్చి పోసింది. సాయంత్రానికి అతను తోటి డ్రైవర్లను వెంటబెట్టుకొచ్చాడు.

నెలలు గడిచేకొద్దీ వాసనలు తిరిగొచ్చాయి, తీపీ కారమూ తెలిశాయి. పులుపు మాత్రం సరిగ్గా అందలేదు. అందుకే ఇప్పటికీ అక్కడ పులుసు ఆయన మాట మీదే దిగుతుంది. ఆయనకు పెత్తనం బాగా ఒంటబట్టింది. నచ్చకపోతే గిన్నె వెనక్కి నెట్టేస్తాడు.

“ఈ మనిషితో వేగలేకపోతున్నానే,” అని ఆమె ఫోన్లో చెల్లెలికి చెప్పుకుంటుంది.

“అయితే మాన్పించెయ్యక్కా.”

“చాల్లే, నువ్వూ నీ సలహాలూ,” అని నవ్వేసి, పొయ్యి మీద ఏదో మాడుతోందంటూ ఫోన్ పెట్టేస్తుంది.