గుసగుసకు గొంతు ఉండదు

ఈ బరువును ఇన్నేళ్ళు ఎలా మోశావని మీరడగొచ్చు. మోశాను, అంతే. మింగలేదు, కక్కలేదు. పిల్లలకు ధ్వని పాఠం చెప్పే ప్రతిసారీ మధ్యలో ఆగిపోయేదాన్ని. నీళ్ళు తాగి పాఠం కానిచ్చేదాన్ని. నేను గుడివాడలో సైన్సు టీచర్ని. పేరు చెప్పను. చెప్పే ధైర్యమే ఉంటే ఈ సంగతి మీకు కాదు, మా అక్కకే చెప్పి ఉండేదాన్ని.

మాది పెడన. ఇంట్లో కలంకారీ అద్దకం పని. నాన్న రంగులు కాచేవాడు, అక్క బల్ల ముందు నిలబడి అచ్చులు వేసేది. అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక్క గుద్దు. ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. కరక్కాయ, గేదెపాలు కలిపి నానబెట్టిన గుడ్డల వాసన ఇల్లంతా ఉండేది. అప్పుడు ముక్కు మూసుకునేదాన్ని. ఇప్పుడు ఆ వాసన ఎక్కడైనా తగిలితే నా కాళ్ళు ఆగిపోతాయి.

అమ్మకు నడుము నొప్పి, ఎక్కువసేపు నిలబడలేదు. బల్ల ముందు ఒకరుండాలి కనుక అక్క పదో తరగతితో చదువు ఆపేసింది. నన్ను మాత్రం "నువ్వు చదువుకోవే, నేనున్నాగా" అనేది. ఆ మాట వెనక ఆమె ఏం వదులుకుందో నేను ఆలోచించలేదు. ఆలోచించలేదా, ఆలోచించడం ఇష్టం లేకపోయిందా?

మా మేనమామ కొడుకు అవనిగడ్డలో బట్టల కొట్టు చూసుకునేవాడు. మాకు బావ. అద్దిన దుప్పట్ల కోసమని పెడన వచ్చి, దుప్పట్ల కన్నా అక్కనే ఎక్కువ చూసేవాడు. ఇంట్లో అందరికీ తెలుసు, పైకి అన్నవాళ్ళు లేరు. మా ఇళ్ళలో పద్ధతి అది. మేనరికం మాట పెద్దవాళ్ళే ఎత్తాలి. వాళ్ళు ఎత్తాక ఆడపిల్ల కాదనడానికి ఉండదు.

నేను ఇంటర్ చదువుతుండగా ఒక ఆదివారం బావ మమ్మల్ని బందరులో సైన్సు మ్యూజియం చూపిస్తానన్నాడు. "చిన్నదానికి సైన్సంటే పిచ్చి గదత్తా" అని అమ్మను కూడా బయల్దేరదీశాడు. నా పేరు చెప్పి అక్కను తీసుకెళ్తున్నాడని నాకు తెలుసు. అయినా సంబరమే.

అక్కడ అన్నీ చేత్తో తిప్పి, లాగి, నొక్కి చూసేవే. అమ్మ రంగు పట్టిన వేళ్ళను కొంగులో దాచుకుంది. అక్కడ పనిచేసే ఆయన చూసి, "ముట్టుకోండమ్మా, ముట్టుకోడానికేనండి పెట్టింది" అన్నాడు. ఇంక అమ్మను పట్టలేకపోయాం. వంకర అద్దంలో బావ పొట్టి పీపాలా కనిపిస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అక్క కప్పీల కుర్చీలో కూర్చుని, తాడు లాగి, తనను తానే పైకెత్తుకుంది. "చూడవే, నన్ను నేనే మోసుకుంటున్నా!" అని అరిచింది. అక్క ముఖం అలా వెలగడం నేను అంతకు ముందు చూడలేదు. ఎప్పుడైనా వెనక్కి వెళ్ళనిస్తే నేను ఆ ఉదయానికే వెళ్తాను. మధ్యాహ్నం దాకా ఉండను.

పెరట్లో, ఈ చివర ఒకటి ఆ చివర ఒకటి, మనిషికంటే ఎత్తైన రెండు పళ్ళేలు నిలబెట్టి ఉన్నాయి. ఒకరి వైపు ఒకరు వీపు పెట్టి, ఎవరి పళ్ళెంలోకి వాళ్ళు ముఖం పెట్టి కూర్చోవాలి. ఇక్కడ గుసగుసగా అన్నది అంత దూరాన రెండోవాళ్ళ చెవిలో అన్నట్టే వినపడుతుంది. మధ్యలో నిలబడ్డవాళ్ళకు ఏమీ వినపడదు. బావ అక్కడి బోర్డును చాలాసేపు చదివాడు.

"పద్మా, నువ్వా పక్కన కూర్చో. నేనో మాటంటాను, వినపడుద్దేమో చూద్దాం" అని తన చివరకు వెళ్ళి, అటు తిరిగి కూర్చున్నాడు.

అక్క కూర్చుందో లేదో లోపల్నుంచి అమ్మ కేక. "పద్మా! ఇలా రావే! నేను తిప్పుతుంటే లైటు ఎలుగుతోందే!"

అక్క లేచింది. "నువ్వు కూర్చోవే. బావ ఏదో అంటాడంట, విని చెప్పు" అని నవ్వుతూ లోపలికి పరుగెత్తింది. నేను కూర్చున్నాను.

"పద్మా, వినపడుతోందా?"

ఏడిపిద్దామని "ఊఁ" అన్నాను. అది ఆటే. అంతవరకు నా తప్పు లేదు.

"ఇంట్లో ఇంకా ఎవరితోనూ అనలేదు. పెద్దాళ్ళు అడిగాక నువ్వు కాదనలేవు. అందుకే ముందు నిన్నే అడుగుతున్నా. నన్ను చేసుకుంటావా? ఇష్టం లేకపోతే చెప్పెయ్యి, ఇంకెప్పుడూ ఈ ఊసెత్తను."

"నేను బావా, చిన్నదాన్ని" అంటే సరిపోయేది. అందరం నవ్వుకునేవాళ్ళం. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ అంతలో అద్దకం బల్ల కళ్ళ ముందుకు వచ్చింది. అక్క అవనిగడ్డ వెళ్ళిపోతే దాని ముందు నిలబడేది ఎవరు? గుడివాడ కాలేజీ, డిగ్రీ, నేను కలలు కన్నవన్నీ ఏమవుతాయి?

"వద్దు బావా" అన్నాను.

గుసగుసలో గొంతు తీగలు మోగవు, ఊపిరే మాటవుతుంది. అందుకే అది ఎవరిదో పోల్చుకోవడం కష్టం. పిల్లలకు ఇప్పుడు ఇదే చెబుతాను. అప్పటికి నాకు ఆ పాఠం తెలియదు కానీ, బావ నమ్మేస్తాడని మాత్రం తెలుసు. తెలియక జరిగిందని చెప్పుకునే వీలు నాకు లేదు.

పళ్ళెంలోంచి "సరే. మనసులో పెట్టుకోకు" అని వినిపించింది.

నేను లేచేసరికి అక్క రొప్పుతూ వచ్చింది. "ఏవన్నాడే?"

"ఏం లేదు. వినపడుతోందా అన్నాడు."

"అంతేనా?" అక్క నా చోట కూర్చుని, పళ్ళెంలోకి ముఖం పెట్టి, ఊపిరి బిగబట్టి విన్నది. నా వైపు తిరిగి "ఏం వినపడట్లేదే" అంది. అప్పుడు బావ ఇటు తిరిగాడు. ఆయనకు ఈ పళ్ళెం ముందు కూర్చుని కనిపించింది అక్కే.

మమ్మల్ని పెడన బస్సెక్కించి "వస్తానత్తా" అన్నాడు. అక్క వైపు చూడలేదు. ఆ తర్వాత దుప్పట్లకు వేరే మనిషిని పంపేవాడు. కొన్నాళ్ళకు బావకు నాగాయలంక సంబంధం కుదిరింది. పెళ్ళికి వెళ్ళాం. పెళ్ళికూతురికి పూలజడ వేసింది మా అక్కే. నేను పక్కనే కూర్చుని పూలు అందించాను. ఎలా అందించానో మీరైనా చెప్పండి.

నేను డిగ్రీ చదివాను, ఉద్యోగం తెచ్చుకున్నాను. నాన్న పోయేదాకా అక్క ఆ బల్ల ముందే నిలబడింది. బాగా ఆలస్యంగా, భార్య పోయిన ఒకాయనతో పామర్రులో పెళ్ళయింది. మంచి మనిషి. ఆ మంచితనాన్ని అడ్డం పెట్టుకుని చాలాకాలం నన్ను నేను సముదాయించుకున్నాను. జరిగిందేదో మంచికే జరిగిందని కూడా అనుకున్నాను. ఎవరి మంచికి?

మొన్న బావ కూతురి పెళ్ళికి అక్కా నేనూ అవనిగడ్డ వెళ్ళొచ్చాం. బస్సు పులిగడ్డ దాటాక, కిటికీలోంచి చేలు చూస్తూ అక్క ఉన్నట్టుండి అంది. "ఆ రోజుల్లో బావ అడుగుతాడేమోనని చూశానే. అడిగుంటే ఎగిరి గంతేసేదాన్ని. ఆయనకసలు నా మీద అలాంటి ఉద్దేశమే లేదేమో. మనమే ఏదేదో ఊహించుకున్నాం." అని నవ్వేసింది.

అక్క దగ్గర నేను లాక్కున్నది ఒక్క పెళ్ళే అనుకుంటూ వచ్చాను. తనను ఒక మనిషి అంతగా కోరుకున్నాడన్న సంగతిని కూడా లాక్కున్నానని ఆ బస్సులో తెలిసింది. అది లేకుండానే ఆమె తల నెరిసింది. చెబుదామని దారి పొడుగునా మాటలు కూడదీసుకుని, నోరు తెరిచేసరికి పామర్రు వచ్చేసింది. "ఇంటికెళ్ళగానే ఫోన్ చెయ్యవే" అని దిగిపోయింది.

ఇప్పుడు చెప్తే ఎవరికి లాభం, ఎవరి సంసారం వాళ్ళకుంది, అని నాకు నేనే వాదించుకుంటాను. అది వాదన కాదు, భయం. మిమ్మల్ని క్షమించమని అడగను, అది మీ చేతిలో లేదు. నా నోట ఇంతవరకు రాని మాటను ఒక్కసారి కాగితం మీదైనా చూసుకోవాలని ఇదంతా రాశాను. ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది.

బావ అడిగాడక్కా. నీ పేరు పెట్టి అడిగాడు. వద్దన్నది నేను.